చల్లగాలి ఎక్కడ ఆగింది?

రాజపాళయం,
మార్చి మొదటి వారం

చిత్తూరులో నీడపట్టున కూర్చున్న మా బావ సీతారామ గారికి, ఎండలో ఉడుకుతున్న బావమరిది రామర్ దండాలు.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా నా గొంతు వినగానే పెట్టేస్తారు. "వాడికి ఏం కావాలన్నా కాగితం మీద రాసి కింద సంతకం పెట్టమను, అప్పుడు నమ్ముతాను" అని మా అక్కతో చెప్పి పంపించారట. సరే, రాస్తున్నాను. నా చదువు మీకు తెలియనిది కాదు. బడిలో అరవం సగం, గుంటూరుకు పత్తి లారీ తోలిన రోజుల్లో అంగళ్ల బోర్డులు చూసి నేర్చుకున్న తెలుగు సగం. రాత గుంటూరు, నోరు రాజపాళయం. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దుకోండి. ఒకరి తప్పు పట్టడం కన్నా మీకు వేరే పండగ ఏముంది?

విషయం ఏమంటే, నా బాడుగ కారులో ఏసీ చల్లబరచడం లేదు. ఎక్కినవాళ్లు "అన్నా, ఏసీ వేయండి" అంటారు. "వేసే ఉంది" అంటాను. "అయితే ఆపండి, కిటికీలు దించుకుంటాం" అంటారు. బాడుగకు ఎక్కినవాళ్లు ఉడికితే ఉడకనీ, వాళ్లు నాకు మేనత్తలా, మేనమామలా? అమ్మ సంగతే వేరు. అక్క కాలు విరిగి మంచం ఎక్కిన రోజు నుంచి "నా బిడ్డను ఒకసారి చూడాల" అని అమ్మ గొణగని పూట లేదు. డాక్టరేమో ఉక్క పోయకుండా తీసుకుపోతేనే పొమ్మన్నాడు. బేండేజి గుడ్డ మిల్లులో జన్మంతా దూదిపొడి పీల్చిన ఊపిరితిత్తులు అమ్మవి. వేడి తగిలితే చాలు, పిల్లికూతలు మొదలు. రైలు మెట్లు ఎక్కలేదు. ఈ కారే గతి. ఇది చల్లబడకపోతే అమ్మ అక్కను చూడలేదు.

మీరు ఊళ్లో ఏసీలన్నీ విప్పి బిగించి విశ్రాంతి తీసుకున్నవాళ్లు. దీని జబ్బేమిటో చెప్పండి.

ఇట్లు,
కె. రామర్ (సంతకం, నిజంగానే)


చిత్తూరు,
మార్చి రెండో వారం

బావమరిది రామర్‌కు ఆశీస్సులు.

సంతకం ఉంది కాబట్టి చదివాను. లేకపోతే పొయ్యిలోకి పోయేది. ఎవరో పెద్ద ఆఫీసరు గొంతుతో నువ్వు ఫోన్ చేసి "మా బంగళాలో ఏసీ ఆగిపోయింది, వెంటనే రావాలి" అంటే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం ఆ బంగళా గేటు ముందు నిలబడ్డాను. కాపలావాడు "ఏ ఏసీ?" అన్నాడు. తరువాత "ఎవరు నువ్వు?" అన్నాడు. చివరికి జాలిపడి మంచినీళ్లు ఇచ్చి పంపించాడు. మీ అక్క ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది. నేను ఇప్పటికీ నవ్వలేదు. అందుకే మన మధ్య ఒప్పందం ఇది. నిజమైతే కింద సంతకం ఉండాలి. సంతకం లేనిది నేను చదవను, నమ్మను.

ఇక కారు సంగతి. "చల్లబరచడం లేదు" అంటే చాలదు. గాలి తక్కువగా వస్తోందా, లేక గాలి బాగానే వచ్చి అది వేడిగా ఉందా? ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. కారు వేగంగా పోతున్నప్పుడు చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగితే వేడెక్కుతోందా? బయటి గాలి లాగే మీట వేసి ఉంటే లోపలి గాలికి మార్చి చూడు. బానెట్ ఎత్తితే రేడియేటరుకు ముందు పలుచని జాలీ ఒకటి ఉంటుంది. దాన్ని కండెన్సరు అంటారు. లోపలినుంచి లాగిన వేడిని బయట వదిలేది అదే. అది ఎలా ఉందో చూడు. రోజూ కారు ఎక్కడ నిలుపుతావో కూడా రాయి.

మీ ఊరి మెకానిక్కు ఏమీ చూడకుండానే "గ్యాసు నింపుదాం" అంటే, చెప్పులు వేసుకుని వచ్చేయి.

బి. సీతారామ


రాజపాళయం,
మార్చి చివర

బావ గారికి,

మీ ఉత్తరం వసారాలో కూర్చుని చదివాను. నోరు తెరవకుండా చదవడం నాకు చేతకాదు. అక్షరం చెవిలో పడితేనే తలకెక్కుతుంది. కాబట్టి బంగళా గేటు కథ మా వీధి మొత్తం ఇంకోసారి విన్నది. ఎదురింటి ఆయన ఇడ్లీ తింటూ పొలమారి దగ్గినాడు. మీ కీర్తి ఇక్కడ బాగానే ఉంది.

మీరన్నట్టే జరిగింది. మెకానిక్ అళగు బానెట్ ఎత్తకముందే "గ్యాసు అయిపోయింటాది అన్నా" అన్నాడు. నేను చెప్పులు వేసుకున్నాను. "సరి సరి, చూస్తా" అని కూర్చున్నాడు. సేత్తూరు రోడ్డు మీద పోతే చల్లగానే ఉంది, రైల్వే గేటు దగ్గర ఆగితే పొయ్యి. కారు నిలిపేది జిన్నింగు మిల్లు గోడ నీడన. ఊళ్లో నీడ దొరికే చోటు అదొక్కటే. కానీ నీడతో పాటు ఇంకొకటి కూడా దొరుకుతుందని నాకు తోచలేదు. బానెట్ ఎత్తి చూస్తే కండెన్సరు కనపడలేదు బావా, దాని మీద పరుపు ఉంది! మిల్లులోంచి ఎగిరిన దూది అంతా అక్కడ పేరుకుని, దుమ్ము పట్టి, ఒక దుప్పటిలాగా అతుక్కుపోయింది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని పరిగెత్తే మనిషికి చెమట పట్టదా?

అళగు లోపలి వైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టి కడిగాడు. గట్టిగా కొడితే జాలీ రేకులు వంగిపోతాయట. పని అంతసేపూ అమ్మ వసారాలోనే ఉంది. మధ్యాహ్నం మిల్లు అమ్మాయిలు మడత పెట్టడానికి బేండేజి గుడ్డ మూట తెచ్చి పోస్తారు కదా, వాళ్లతో కబుర్లాడుతూ మడుస్తూ ఒక కన్ను మా మీద పెట్టింది. అళగు కారులో ముందు సీటు ఎదురుగా ఉండే సామాను పెట్టె ఊడదీసి, దాని వెనకనుంచి ఒక ఫిల్టరు లాగి దులిపాడు. అమ్మ లేచి వచ్చేసింది. అళగుకు ఆమె పాట్టీ, మీ మాటలో అవ్వ.

"ఇది ఏంది అప్పా?"

"గాలిని వడగట్టేది పాట్టీ. గాలి అంతా దీంట్లో దూరే లోపలికి వస్తాది."

"మా గుడ్డ మాదిరా?"

"ఆమా, మీ గుడ్డ మాదిరే."

"ఇది మూసుకుంటే?"

"మూసుకుంటే గాలి రాదు పాట్టీ. చల్లదనం లోపలే నిలిచిపోతాది."

అమ్మ పరీక్షకు పోయే పిల్లలాగా తలాడించి, పోయి మళ్లీ మడత పనికి కూర్చుంది.

సాయంత్రం అమ్మను ఎక్కించుకుని సేత్తూరు దాకా పోయి వచ్చాను. "ఏమిరా ఇది, ఐసు పెట్టెలో చేపను పెట్టినట్టు పెట్టినావు" అని కొంగు తలకు చుట్టుకుంది. ఏప్రిల్లో అరవ సంవత్సరాది కాగానే బయలుదేరుతాం. అక్కకు ఏ ఊరగాయ ఇష్టమో అని ఇప్పటికే నన్ను నాలుగుసార్లు అడిగింది.

కె. రామర్ (సంతకం)


చిత్తూరు,
ఏప్రిల్ మొదటి వారం

రామర్‌కు,

సంతోషం. దూది దుప్పటి సంగతి చదివి మొదటిసారి నీ ఉత్తరానికి నవ్వాను.

ఇంకో సంగతి. నేను, మీ అక్క ధనం చాలా రోజులుగా అనుకుంటున్నది. అత్తను పది రోజులకని చెప్పి తీసుకురా. ఆపైన ఆమె ఇక్కడే ఉండిపోతుంది. నువ్వు పొద్దున బాడుగకు పోతే చీకటి పడ్డాకే వస్తావు. నీ ఇల్లాలు, మా చెల్లెమ్మకు స్పిన్నింగు మిల్లులో షిఫ్టు. పోయినేడు ఊపిరి ఆడక అత్త వసారాలో పడిపోయినప్పుడు ఇంట్లో ఎవరున్నారు? ఇక్కడ ఆమెకు వేరే గది ఉంది, గదిలో నేను నా చేత్తో బిగించిన ఏసీ ఉంది, పక్క వీధిలో ఆసుపత్రి ఉంది. కాలు బాగుపడ్డాక ధనం పూటపూటకూ పక్కనే ఉంటుంది. చీరలన్నీ, మందుల చీటీలన్నీ తీసుకురా. మిగతా సామాను తరువాత చూసుకోవచ్చు.

ముందే చెబితే ఆమె కారు ఎక్కదు. చూసి పోదామనే మాటతోనే ఎక్కించు. కాబట్టి ఈ ఉత్తరం మాత్రం అత్త ఉన్నప్పుడు చదవొద్దు.

బి. సీతారామ


రాజపాళయం,
ఏప్రిల్ మూడో వారం

బావ గారికి,

"చదవొద్దు" అనే మాటను ఉత్తరం చివర రాసేవాళ్లను మిమ్మల్నే చూశాను. అది వచ్చేసరికి మిగతాదంతా గొంతెత్తి చదివేసి ఉన్నాను. మీరేమీ కంగారు పడకండి. అమ్మ లోపల పడుకుంది. గురక నా చెవులారా విన్నాను.

మీ ఏర్పాటు నాకూ బాగానే తోచింది. పోయినేడు అమ్మ పడిపోయిన రోజు నుంచి బాడుగలో ఉన్నా నా ప్రాణం ఇక్కడే కొట్టుకుంటుంది. మీ చెల్లెలు మాత్రం "ఆమెను అడక్కుండా ఇది ఏం పని?" అని నా మీద ఎగిరింది. ఆడవాళ్లకు అన్నీ అడిగి చేయాలి, ఏమీ చేయకపోతే ఎందుకు చేయలేదని అడుగుతారు.

కానీ బావా, కారు మళ్లీ మొండికేసింది! బయలుదేరుదామని చూసుకుంటే ఏసీలో గాలి లేదు. కండెన్సరు చూశాను, అద్దంలా ఉంది. జిన్నింగు గోడ వదిలి ఇప్పుడు కారు మా ఇంటి ముందే నిలుపుతున్నాను, దూది వచ్చే దారే లేదు. అళగు గడ్డం గోక్కుంటున్నాడు. కడిగాక అంత చల్లగా ఉన్నది ఒక్కసారిగా ఎట్లా పోతుంది? నిద్ర పట్టడం లేదు. ఊళ్లో అందరినీ బోల్తా కొట్టించే నన్ను ఈ డబ్బా బోల్తా కొట్టిస్తోంది. ప్రయాణం ఆపాను. అమ్మకు చెబితే "పోతే పోనీలే రా, కారుకూ నాకూ ఒకటే వయసు" అంది.

కె. రామర్ (సంతకం)


చిత్తూరు,
ఏప్రిల్ చివర

రామర్‌కు,

మొండికేసింది కారా, నువ్వా? అత్తను పంపడం ఇష్టం లేక కథ అల్లుతున్నావేమో అని ధనంతో అన్నాను. "సంతకం ఉంది కదా" అంది. ఆ ఒక్క మాట మీదే ఇది రాస్తున్నాను.

రెండు పరీక్షలు చెయ్యి. ఇంజను వేసి, ఏసీ వేసి, కాసేపు ఆగి బానెట్ ఎత్తు. ఏసీకి పోయే గొట్టాలు రెండు ఉంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. తిరిగే బెల్టుకు చెయ్యి దూరంగా పెట్టి లావు గొట్టం ముట్టుకో. చల్లగా ఉండి చెమట పడితే గ్యాసు బాగుంది, కంప్రెసరు బాగుంది, చల్లదనం పుడుతోంది అని అర్థం. రెండోది, లోపల గాలి వచ్చే రంధ్రం ముందు పలుచని కాగితం పట్టుకో. మీ ఊళ్లో కాగితం ఎందుకు, పత్తి పింజె పట్టుకో. ఫ్యాను మీట చివరిదాకా తిప్పినప్పుడు పింజె ఎగురుతుందా, వేలాడుతుందా? చూసి రాయి. కారు ఆపాక కింద నీళ్లు ఎంత కారుతున్నాయో కూడా చూడు.

బి. సీతారామ


రాజపాళయం,
మే మొదటి వారం

బావ గారికి,

లావు గొట్టం మంచులా ఉంది. చెమట కూడా పట్టింది, నా నుదుటి కన్నా ఎక్కువ. పత్తి పింజె పరీక్షకు అమ్మను కూర్చోబెట్టాను. పింజె పట్టడంలో ఆమెను మించిన చెయ్యి ఎవరిది? ఫ్యాను హోరుమని అరుస్తోంది కానీ పింజె మాత్రం కదలలేదు. చచ్చిన కోడి తలలాగా వేలాడింది.

"కారుకు ఊపిరి ఆడట్లేదు రా, నా మాదిరే" అంది అమ్మ. "వదిలేయి, పాపం."

"నువ్వేం బాధపడకు అమ్మా, బావ కనిపెట్టేస్తాడు."

"ఆమా, మీ బావ చాలా తెలివైనవాడు" అంది. ఆ మాటలో ఏదో వంకర వినపడింది, లేక నా చెవి వంకరో.

ఆపాక కింద నీళ్లు చిన్న కాలవలాగా పారాయి. అంత నీళ్లు ఎక్కడినుంచి? నాకు ఇప్పుడు అమ్మ ప్రయాణం కన్నా ఇది ఏమిటో తెలుసుకోవాలనే యావ ఎక్కువైంది. సవారీ వాళ్లను మంసాపురంలో దించి, వెనక్కి వస్తూ దారిలో ఆగి, పింజె పట్టుకుని కూర్చుంటున్నాను. చూసినవాళ్లు పిచ్చివాడనుకుంటున్నారు. అమ్మకూ కారు మీద ప్రేమ పెరిగింది. నేను స్నానానికి పోయినప్పుడల్లా "లోపల తుడుస్తా" అని తాళం అడుగుతోంది.

కె. రామర్ (సంతకం)


చిత్తూరు,
మే రెండో వారం

రామర్‌కు,

చల్లదనం పుడుతోంది. దాన్ని మోసుకొచ్చే గాలి మాత్రం రావడం లేదు. గాలి తగలక లోపల చల్లదనం మంచుగడ్డ కడుతోంది, ఆపగానే కరిగి కిందికి కారుతోంది. ఫ్యాను అరుస్తోందంటే ఫ్యాను బాగుంది. ఇక మిగిలింది ఒక్కటే చోటు. అళగు దులిపిన ఆ ఫిల్టరు. దానికి ఏదో అడ్డం పడి ఉంది.

సామాను పెట్టె ఊడదీసి చూడు. ఏం కనపడితే అది, ఉన్నది ఉన్నట్టు రాయి. సంతకం పెట్టి.

బి. సీతారామ


రాజపాళయం,
మే మూడో వారం

బావ గారికి,

పెట్టె ఊడదీశాను. ఫిల్టరు లాగాను. దాని ముందు ఏమీ లేదు.

బేండేజి గుడ్డ అసలే లేదు. లేని ఆ గుడ్డ నాలుగు మడతలుగా లేదు. అంచు లోపలికి దోపి, ఒక్క పోగు కూడా బయటికి జారకుండా, ఇస్త్రీ చేసినట్టు మడిచి లేదు. అట్లా మడిచే చెయ్యి ఊళ్లో ఒక్కటే ఉందని మిల్లువాళ్లు అంటారు. లేని గుడ్డకు చెయ్యి ఎక్కడిది? ఒక మడత చాలక, మళ్లీ తాళం అడిగి వచ్చి, దాని మీద ఇంకో మడత పెట్టినట్టు కూడా లేదు.

దాన్ని చేత్తో పట్టుకుని నేను వసారాలోకి పోలేదు. అమ్మ నన్ను చూసి "దొరికిపోతిని" అని నవ్వలేదు. "గురక పెడితే నిద్ర పోయినట్టా రా? నీకు ఈ వేషాలన్నీ యాడనుంచి వచ్చినాయి అనుకున్నావు?" అని అడగలేదు. "నాకు చెప్పొచ్చు కదా అమ్మా" అని నేను అనలేదు. అప్పుడు ఆమె మొహం మారలేదు.

"నా బిడ్డను చూడాలని ఉండాది. ఆడ ఉండాలని లేదు. పదిరోజులు అని చెప్పి మీరిద్దరూ కాగితంలోనే నన్ను మూట కట్టినారు. నన్ను ఎవరు అడిగినారు?" అని అమ్మ అనలేదు.

తరువాత ఒడిలో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చోలేదు. ఆ చేతులు ఊరికే ఉండటం నేను మొదటిసారి చూడలేదు. "ఈడ మధ్యానం అయితే అమ్మాయిలు మూట తెచ్చి పోస్తారు. ఒకతె మొగుడి సంగతి చెప్తాది, ఒకతె అత్త సంగతి చెప్తాది. నేను మడుస్తాను. చల్లని గదిలో కూర్చోబెడితే ఆడ నేను ఏం మడిచేది రా?" అని అడగలేదు.

నేను ఆ గుడ్డను ఎట్లా ఉన్నదాన్ని అట్లాగే ఫిల్టరు ముందు పెట్టి, పెట్టె బిగించలేదు.

కాబట్టి ఏసీ జబ్బేమిటో తెలియలేదు బావా. ఇక తెలియదు. ఈ కారులో అమ్మను చిత్తూరు తీసుకురావడం కుదరదు. అక్కతో మీరే చెప్పండి.


చిత్తూరు,
మే చివర

రామర్‌కు,

సంతకం లేని నీ ఉత్తరం అందింది. సంతకం లేనిది చదవనని చెప్పాను కదా. రెండుసార్లు చదివాను. మూడోసారి ధనానికి చదివి వినిపించాను. మొదట నవ్వింది. తరువాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నువ్వు పుట్టిననాటి నుంచి చెప్పిన అబద్ధాలన్నిటిలో నేను నమ్మింది ఇదొక్కటే.

ఇక్కడినుంచి వసారాలో నిలబడి పైకి చదువు. బాగా గట్టిగా. అత్త లోపల గురక పెడుతున్నా సరే.

అత్తా, మీ అల్లుడు సీతారామ రాస్తున్నాను. మీ కొడుకు కారుకు వచ్చిన జబ్బు నా వృత్తిలో ఎక్కడా చూడలేదు. దానికి నా దగ్గర మందు లేదు. మిమ్మల్ని అడగకుండా మీ గురించి మాట్లాడుకున్నాం. ఇకమీద ఏదైనా మీ ముందే, మిమ్మల్ని అడిగే మాట్లాడతాం. ధనం కాలి కట్టు వచ్చే నెల విప్పుతారు. విప్పగానే మేమిద్దరం అక్కడికి వస్తాం. మిమ్మల్ని తీసుకుపోవడానికి కాదు, చూడటానికి. గుడ్డ మూటలో మాకూ కొంచెం మడత పని ఉంచండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని మీరు మడిస్తేనే మేం పక్కన కూర్చుంటాం. మధ్యాహ్నం మూట తెచ్చే ఆ అమ్మాయిల్లో ఒకరి దగ్గర రామర్ ఫోన్ నంబరు, డాక్టరు నంబరు ఉండాలి. ఈ రెండూ మీరు ఒప్పుకోవాలి.

ఒక్క చిక్కు ఉంది. మేం రైలు దిగేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. మీ కూతురు ఎండకు ఆగలేదు, రామర్ కారులోనే ఇంటికి రావాలి. ఆ ఏసీ బాగుచేయడం నా వల్ల కాదు, అళగు వల్లా కాదు. ఎవరి వల్ల అవుతుందో మీకు తెలుసు.

బి. సీతారామ


రాజపాళయం,
జూన్ మొదటి వారం

బావ గారికి,

మీ ఉత్తరం పైకి చదివాను. ఎదురింటి ఆయన కుర్చీ తెచ్చుకుని కూర్చుని విన్నాడు. అమ్మ తల ఎత్తలేదు, మడత పని ఆపలేదు. అంతా అయ్యాక "ఏ రైలు అంట?" అని మాత్రం అడిగింది. కొంచెంసేపటికి గుడ్డ ముక్క ఒకటి తీసి ముక్కుకు కట్టుకుంది. మీ చెల్లెలు నా ఫోన్ నంబరు, డాక్టరు నంబరు రాసి అమ్మాయిల చేతికి ఇచ్చింది.

ఈ పొద్దున స్నానం చేసి వచ్చేసరికి కారు తాళం ఎప్పుడూ ఉండే మేకుకు కాకుండా పక్క మేకుకు వేలాడుతోంది. కారు తీసి ఏసీ వేశాను. పత్తి పింజె నా వేళ్లలో నిలవలేదు. ఎగిరి వెనక సీట్లో పడింది.

సామాను పెట్టె ఊడదీసి చూశాను. ఫిల్టరు ముందు ఏమీ లేదు. ఈసారి నిజంగానే లేదు.

కె. రామర్ (సంతకం)